ఇరవై ఏళ్ళ ఇంటి అప్పు పదమూడేళ్ళలో తీరాలంటే

మీ హోమ్ లోన్ స్టేట్‌మెంట్ ఆఖరిసారి ఎప్పుడు చూశారు? ఆయన ఫోన్‌కి నెలనెలా వచ్చే "మీ ఈఎంఐ జమ అయింది" అన్న మెసేజ్ గురించి కాదండీ. ప్రతి కిస్తులో అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇంకా బాకీ ఎంత అని వరుసగా రాసి ఉండే కాగితం గురించి అడుగుతున్నాను. మనలో చాలామంది "అవన్నీ ఆయనే చూస్కుంటారు" అంటాం. ఆయన్ని అడిగితే "అకౌంట్లోంచి దానంతటదే కట్ అవుతుందిగా" అంటారు. అంటే ఇద్దరూ చూడట్లేదన్నమాట.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మన తెలుగు కుటుంబాలు దాదాపు అన్నీ అద్దెకుండేవే. విల్లాలో ఒక పోర్షనో, షాబియా వైపు ఒక ఫ్లాటో. సొంతిల్లు మాత్రం అక్కడుంటుంది. నిజాంపేటలో అపార్ట్‌మెంటో, కరీంనగర్‌లో డాబానో, రాజమండ్రిలో డూప్లెక్సో. కొన్నింటికి తాళం, కొన్నింట్లో అత్తమామలు, కొన్నింట్లో అద్దెవాళ్ళు. ఇక్కడ అద్దె చెక్కులు, అక్కడ కిస్తులు. రెండిళ్ళ బరువూ ఒక్క జీతం మీద, అదృష్టం బాగుంటే రెండు జీతాల మీద.

ఇందులో అసలు భయం ఏంటో మీకూ తెలుసు, పైకి అనుకోం అంతే. ఇక్కడ మన వీసా ఉద్యోగానికి కట్టేసి ఉంది. ముసఫ్ఫాలో ప్రాజెక్టు అయిపోతే, కంపెనీ చేతులు మారితే, ఒక కాగితంతో సామాన్లు సర్దుకోవాల్సిందే. అక్కడి అప్పు మాత్రం ఎవరి ఉద్యోగం కోసమూ ఆగదు. యాభై ఏళ్ళ వయసులో తిరిగెళ్ళి, అక్కడి జీతంతో నెలకు నలభై వేల కిస్తు కట్టడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. అందుకే ఈ నెల ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం, కాస్త ఓపిక పట్టండి. 50 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అనుకుందాం. మీ అంకెలు వేరే ఉండొచ్చు, తీరు ఇదే. నెల కిస్తు 43,391 రూపాయలు. మొదటి నెల ఆ 43 వేలలో వడ్డీకే 35,417 పోతుంది. అసలులో తగ్గేది ఎనిమిది వేలు కూడా కాదు. ఐదేళ్ళు ఒక్క నెలా తప్పకుండా కట్టారనుకోండి, మొత్తం 26 లక్షలు కట్టినట్టు. అప్పటికి బాకీ ఎంతుంటుందో తెలుసా? 44 లక్షల పైనే. 26 లక్షలు పోసి ఆరు లక్షలైనా దించలేకపోయామన్నమాట. ఇందులో బ్యాంకు మోసమేమీ లేదు. మిగిలిన అసలు మీద వడ్డీ కట్టించుకోవడం ఏ అప్పులోనైనా ఉన్నదే. మొదట్లో అసలు పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది. 20 ఏళ్ళూ అలాగే కట్టుకుంటూ పోతే 50 లక్షల అప్పుకు 54 లక్షల పైన వడ్డీ అవుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కను మనవైపు తిప్పుకుందాం. మొదటి నెల నుంచి కిస్తుతో పాటు ఇంకో 10,000 రూపాయలు అసలుకు జమ చేస్తే లోను 155 నెలల్లో, అంటే పదమూడేళ్ళలోపే అయిపోతుంది. వడ్డీలో దాదాపు 21 లక్షల 80 వేలు మిగులుతాయి. దిర్హం 24 రూపాయలు అనుకుంటే ఆ పదివేలు 417 దిర్హాలు. రోజుకు 14 దిర్హాలు.

నెలనెలా కుదరకపోతే ఏడాదికి ఒక్క కిస్తు అదనంగా కట్టండి. పన్నెండు బదులు పదమూడు. ఇరవై ఏళ్ళది పదహారేళ్ళ ఎనిమిది నెలలకు దిగుతుంది. కంపెనీ ఇచ్చే టికెట్ డబ్బులో, బోనసో దీనికి సరిపోవచ్చు.

ఎప్పుడు కడుతున్నామన్నది కూడా ముఖ్యం. ఇదే లోనులో మొదటి ఏడాది చివర ఒక లక్ష కడితే చివర్లోంచి పదకొండు కిస్తులు ఎగిరిపోతాయి. అదే లక్ష పదిహేనో ఏడాది చివర కడితే తగ్గేవి మూడున్నర కిస్తులే. "పిల్లలు పెద్దయ్యాక చూద్దాం, అప్పుడు చేతిలో డబ్బుంటుంది" అనుకునే అక్కలందరూ ఈ రెండు అంకెలూ రాసి ఫ్రిజ్ మీద అంటించుకోవాలి. లోను కొత్తగా ఉన్నప్పుడే చిన్న మొత్తానికి బలమెక్కువ.

బ్యాంకు ఒప్పుకుంటుందా అని కొందరికి అనుమానం. ఒప్పుకోక తప్పదు. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్లను ముందే తీరిస్తే జరిమానా వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2012 జూన్‌లోనే బ్యాంకులకు చెప్పేసింది. లోను మధ్యలో కొంత కట్టినా, మొత్తం కట్టినా రూపాయి ఎక్కువ అడగకూడదు. ఫిక్స్‌డ్ వడ్డీ లోనైతే ఒప్పంద పత్రం చూస్కోవాలి, అందులో ఛార్జీ ఉండొచ్చు. ఇక్కడే అబుదాబిలో ఫ్లాటు కొనుక్కుని ఇక్కడి బ్యాంకుకు కడుతున్నవాళ్ళు మనలో కొద్దిమంది ఉన్నారు. వాళ్ళకు యూఏఈ సెంట్రల్ బ్యాంకు నిబంధన వేరు. ముందే మూసేస్తే మిగిలిన బాకీలో 1 శాతం లేదా 10,000 దిర్హాలు, ఏది తక్కువైతే అంతవరకు బ్యాంకు వసూలు చేసుకోవచ్చు. అది లెక్కలో వేసుకునే కట్టండి.

కట్టేటప్పుడు ఒక్క మాట మరిచిపోవద్దు. పార్ట్ పేమెంట్ చెయ్యగానే బ్యాంకు అడుగుతుంది, కిస్తు తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని. కొన్నిసార్లు అడక్కుండా కిస్తు తగ్గించేస్తుంది కూడా. తగ్గిన కిస్తు చూస్తే ప్రాణం హాయిగా ఉంటుంది, కానీ మిగిలిన ఆ మూడు నాలుగు వేలు ఇంట్లో ఎటు పోతాయో ఎవరికీ తెలీదు. "గడువే తగ్గించండి" అని రాతపూర్వకంగా, అంటే ఈమెయిల్‌లో అడగండి. డబ్బు అసలుకే జమ అయిందా, లేక వచ్చే నెల కిస్తుకు అడ్వాన్సుగా పడి ఉందా అన్నదీ చూడండి. కొత్త షెడ్యూలు కాగితం తెప్పించుకుంటే రెండూ తేలిపోతాయి.

417 దిర్హాలు ఎక్కణ్ణించి తేవాలి?

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం వేరు. పొదుపు అనగానే అందరూ టీ మానెయ్యమంటారు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి కరక్ చాయ్ తాగితే తాగనివ్వండి, దిర్హమో రెండు దిర్హాలో. మన ఇళ్ళల్లో డబ్బు కారేది నాలుగైదు పెద్ద చిల్లుల్లోంచి. అవి పూడ్చకుండా టీ మీద పడితే ఇంట్లో గొడవలు తప్ప మిగిలేది ఏమీ ఉండదు.

మొదటి చిల్లు బయటి తిండి. నలుగురున్న ఇంట్లో బిర్యానీ, ఒక స్టార్టర్, కూల్‌డ్రింకు ఆర్డర్ పెడితే 70, 80 దిర్హాలు ఎటూ పోవు. గురువారం రాత్రి ఒకటి, వారాంతంలో ఇంకొకటి. నెలకు ఎనిమిది ఆర్డర్లు ఐదుకు దింపారంటే 200 దిర్హాల పైన అక్కడే దొరికింది. అసలే వద్దనడం లేదు. మానేద్దామనుకున్న ఇల్లు మూడో వారానికి మళ్ళీ ఎనిమిదికి వెళ్తుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచే సెలవు వచ్చేస్తోంది కాబట్టి ఆ రోజు ఇడ్లీపిండి రుబ్బి పెట్టుకున్నారంటే శని, ఆదివారాలు సగం గడిచిపోతాయి. పిండి, పప్పు, ఒక రోటి పచ్చడి ఫ్రిజ్‌లో ఉంటే చెయ్యి ఫోన్ మీదికి పోదు. ఇది అమ్మమ్మల కాలం నాటి కిటుకే, మనం కొత్తగా కనిపెట్టింది కాదు.

రెండోది ట్రాలీ. మజ్యద్ మాల్‌కో, క్యాపిటల్ మాల్‌లోని లూలూకో "ఊరికే అలా వెళ్ళొద్దాం" అని వెళ్ళి ఊరికే వచ్చినవాళ్ళని నేను చూళ్ళేదు. చీటీ రాసుకుని వెళ్ళండి, పిల్లల్ని ఒకళ్ళ దగ్గర వదిలి వెళ్ళండి. పది దిర్హాలు, ఇరవై దిర్హాల షాపులు ఇంకో మాయ. చవక అనుకుంటూ కొన్న ప్లాస్టిక్ డబ్బాలు మన వంటింట్లో ఎన్నున్నాయో లెక్కపెట్టండి. కూరగాయలకైతే మీనా మార్కెట్‌కు నాలుగిళ్ళవాళ్ళు కలిసి వెళ్ళి పెట్టెలు పంచుకుంటే తేడా బాగా కనిపిస్తుంది. ఆదివారం వెళ్తే దర్బ్ టోల్ కూడా పడదు. మిగతా రోజుల్లో రద్దీ వేళ వంతెన దాటితే 4 దిర్హాలు, వచ్చేటప్పుడూ అదే వేళైతే మళ్ళీ 4. ద్వీపంలో ఉద్యోగానికి కారేసుకుని వెళ్ళే ఇంట్లో నెలకు ఆ టోలే ఎంతవుతుందో దర్బ్ యాప్‌లో చూడండి. పక్కింటాయనతో కలిసి ఒకే కారులో వెళ్ళడం కుదురుతుందేమో అడగండి. బస్సు కుదిరే చోట హఫిలాత్ కార్డు ఎలాగూ ఉంది.

మూడోది అద్దె. ఏడాదికి ఒకసారే వచ్చే బేరం ఇది, అందుకే పట్టించుకోం. అద్దె నాలుగు చెక్కుల్లో ఇస్తున్నవాళ్ళు "రెండు చెక్కులైతే ఎంతకిస్తారు?" అని అడిగి చూడండి. చెక్కులు తగ్గితే అద్దె తగ్గించే యజమానులుంటారు. తౌతీక్‌లో రిజిస్టరైన ఒప్పందం ఉంటే రెన్యువల్‌లో ఏడాదికి 5 శాతం కంటే పెంచడానికి లేదు. 2016 చివర్లో అబుదాబిలో ఆ పరిమితి తిరిగి తెచ్చారు. రిజిస్ట్రేషన్ లేకుండా నోటిమాట మీద విల్లాలో గది తీసుకున్నవాళ్ళకు ఈ రక్షణ ఉండదు. నెలకు రెండు మూడొందలు తక్కువని అలాంటి చోట చేరితే, ఖాళీ చెయ్యమన్నప్పుడు సామాను బండికి, కొత్త ఇంటికి, కొత్త డిపాజిట్‌కు అంతకు రెండింతలు పోతుంది.

నాలుగోది ఇండియా ప్రయాణం. దీని గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇందులో డబ్బొక్కటే లేదు, మర్యాద కూడా ఉంది.

అబుదాబి అని ఎన్నిసార్లు చెప్పినా ఊళ్ళో మనం దుబాయోళ్ళమే. దుబాయోళ్ళు వస్తున్నారంటే పెట్టెలు నిండుగా రావాలి. ఖర్జూరాలు, చాక్లెట్లు, సెంట్లు, టైగర్ బామ్, పిల్లలకు బొమ్మలు, ఒకరికి ఫోను. జూలై, ఆగస్టు టికెట్లే మంట. దాని పైన ఈ పెట్టెలు, వెళ్ళాక చదివింపులు, గుళ్ళు, కార్లు. ఒక్క ప్రయాణం ఖర్చు రాసి చూస్తే మూడు నాలుగు కిస్తులుంటుంది. నాకు తెలిసిన ఒక చెల్లెలు ఒక ఏడాది వేసవికి వెళ్ళకుండా, ఆ డబ్బులో సగం లోనుకు కట్టి, మిగతా సగంతో అమ్మానాన్నల్ని చలికాలంలో ఇక్కడికే పిలిపించుకుంది. వాళ్ళు నెల రోజులు ఉన్నారు. కోర్నిష్ చూశారు, గ్రాండ్ మసీదు చూశారు, అబూ మురైఖాలో కొత్తగా కట్టిన మందిరానికి వెళ్ళారు. ఆడపడుచు పెళ్ళిరోజుకు రాలేదని అటువైపు మాటలు పడ్డాయి, అదీ నిజమే. "దుబాయ్‌లో ఉండి ఇంత పిసినారితనమా" అన్నవాళ్ళు ఉన్నారు. ఆ మాట ఆ పిల్లకు తగిలింది కూడా.

ఇది ఇండియాలో చదువుతున్న అత్తయ్యగార్లకూ, పిన్నిగార్లకూ, వదినలకూ: మీ పిల్లలు ఇక్కడ సంపాదిస్తున్నది దిర్హాల్లో, నిజమే. ఖర్చు పెడుతున్నదీ దిర్హాల్లోనే. అద్దె, స్కూలు ఫీజు, స్కూలు బస్సు, కరెంటు, మళ్ళీ కొనే చాలా వాటి మీద 2018 నుంచి వచ్చిన 5 శాతం వ్యాట్. ఈసారి వాళ్ళు ఒక పెట్టె తక్కువ తెస్తే, ఆ తగ్గించిన డబ్బు మీరున్న ఇంటి కాగితాలు విడిపించడానికే వెళ్తోందని అనుకోండి. మీరు వాళ్ళకు చేయగల పెద్ద సాయం ఇంకొకటుంది, చివర్లో చెప్తాను.

ఇక లెక్క రాయడం. యాప్‌లు ఎన్నో ఉన్నాయి కానీ నా ఓటు మాత్రం నోటు పుస్తకానికే, ఎందుకంటే ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. మూడు నెలలు రాయండి, వివరంగా అక్కర్లేదు. తిండి, అద్దె, పిల్లలు, ప్రయాణం, ఇంటికి పంపింది, మిగతా. మూడో నెలకు మీ చిల్లు ఏదో మీకే కనబడుతుంది, నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత జీతం పడిన రోజే కిస్తు డబ్బుతో పాటు అదనపు మొత్తాన్నీ ఎన్ఆర్ఈ అకౌంట్‌కు పంపెయ్యాలి. నెలాఖరుకు మిగిలితే పంపుదాం అనుకుంటే మిగలదు. రెండుసార్లు, మూడుసార్లు కాకుండా ఒకేసారి పంపితే ఎక్స్ఛేంజ్ ఫీజు, దాని మీది వ్యాట్ కూడా ఒకేసారి పడతాయి.

రూపాయి పడిపోయినప్పుడు

దిర్హం 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర కట్టి ఉంది. కాబట్టి డాలర్ ముందు రూపాయి పడిందంటే మన దగ్గరా అంతే పడుతుంది. 2014లో దిర్హానికి 16, 17 రూపాయలు వచ్చేవి. 2024లో 22, 23 వచ్చాయి. ఆ తర్వాత ఇంకా పెరిగింది. 43 వేల కిస్తుకు అప్పట్లో 2,600 దిర్హాలు పంపాల్సి వస్తే, 24 రేటుకు 1,800 చాలు. మధ్యలో ఉన్న ఆ 800 దిర్హాలు ఏమయ్యాయి?

చాలా ఇళ్ళల్లో అవి ఇక్కడి ఖర్చులో కలిసిపోయాయి. పిల్లలు పెద్దయ్యారు, ఫీజులు పెరిగాయి, అది కాదనలేం. కానీ షాబియాలో ఉండే ఒక అక్క ఒక పద్ధతి పెట్టుకుంది, నాకు భలే నచ్చింది. ఆమె కిస్తును రూపాయల్లో లెక్కపెట్టదు, దిర్హాల్లో లెక్కపెడుతుంది. లోను తీసుకున్న మొదటి నెల ఎన్ని దిర్హాలు పంపారో అన్నే ఇప్పటికీ పంపుతారు. రేటు పెరిగిన కొద్దీ ఎన్ఆర్ఈలో మిగిలేది పెరుగుతుంది. అది లక్షకు చేరగానే అసలుకు కట్టేస్తారు. ఇంట్లో ఏ ఖర్చూ తగ్గించలేదు, ఉన్నది ఉన్నట్టే పంపుతున్నారు. రేటు ఇంకా పెరుగుతుందని నెలల తరబడి డబ్బు ఇక్కడే ఉంచి ఎదురుచూసే అలవాటు మాత్రం ఆ ఇంట్లో లేదు. పావలా కోసం కాచుకుంటే లోను మీద వడ్డీ రోజూ నడుస్తూనే ఉంటుంది.

పైసా పొదుపు చెయ్యకుండా లోను తగ్గించే ఇంకో దారి వడ్డీ రేటే. మీ లోను 2019 అక్టోబర్ 1కి ముందు తీసుకున్నదా? బ్యాంకు నుంచి తీసుకున్నదైతే అది పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉండొచ్చు. ఆ తేదీ తర్వాత బ్యాంకులిచ్చే ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో రేటు లాంటి బయటి కొలమానానికి ముడిపడ్డాయి. రెపో తగ్గితే మూడు నెలల్లోపు మీ వడ్డీ కూడా తగ్గాలి. 2025లో రెపో రేటు 6.5 శాతం నుంచి 5.25 వరకూ దిగింది. మీ వడ్డీ ఆ మేరకు దిగిందా? దిగకపోతే కొద్దిపాటి ఫీజు కట్టి మార్పించుకోవచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ రెపో నియమం వర్తించదు. అక్కడ బతిమాలుకోవాలి, లేదా లోనును బ్యాంకుకు మార్చుకోవాలి. మన ఉదాహరణ లోనులో వడ్డీ అర శాతం తగ్గి 8 అయిందనుకోండి. కిస్తు మార్చకుండా అలాగే కడితే 20 కిస్తులు తగ్గుతాయి. ఒక్క ఈమెయిల్‌కు 20 నెలలు!

రివర్సు కూడా జరిగింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 శాతం నుంచి 6.5కు ఎక్కినప్పుడు చాలా బ్యాంకులు కిస్తు ముట్టుకోకుండా గడువు పొడిగించేశాయి. కొందరికి అరవై ఏళ్ళు దాటాక కూడా కిస్తులు మిగిలాయి, వాళ్ళకే తెలీకుండా. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కల్పించుకుని, రేటు మారినప్పుడు కిస్తు పెంచాలా, గడువు పెంచాలా, మధ్యలో కొంత కట్టాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్ళే ఎంచుకునేలా చెయ్యమంది. మీ స్టేట్‌మెంట్‌లో ఆఖరి కిస్తు తేదీ చూడండి. మీరు సంతకం పెట్టిన రోజున్న తేదీయేనా అది?

ఆగాల్సిన చోట

ఉన్నదంతా ఊడ్చి లోనుకు కట్టెయ్యమని నేను చెప్పట్లేదు. లోనుకు కట్టిన డబ్బు మళ్ళీ చేతికి రాదు. ఇక్కడ ఉద్యోగం పోతే ముందు కావాల్సింది నాలుగు నెలల అద్దె, ఫీజులు, టికెట్లు. ఆ మాటకొస్తే ఆరు నెలల ఖర్చు వేరే ఉంచుకున్నాకే అదనపు కట్టుబడి మొదలెట్టండి. 2023 జనవరి నుంచి ఇక్కడ ఉద్యోగులకు నిరుద్యోగ బీమా తప్పనిసరి అయింది, గుర్తుందిగా? బేసిక్ జీతం 16,000 దిర్హాల లోపున్నవాళ్ళకు నెలకు 5 దిర్హాలు. ఏడాది పాటు కట్టి ఉంటే, తమ తప్పు లేకుండా ఉద్యోగం పోయినప్పుడు బేసిక్‌లో 60 శాతం మూడు నెలల వరకు వస్తుంది. అది మొత్తం జీతంలో కాదు, బేసిక్‌లో. చాలామంది జీతాల్లో బేసిక్ సగమే ఉంటుంది కాబట్టి దాని మీదే ఆనుకుని కూర్చోకూడదు. రెన్యువల్ తేదీ దాటిపోయిందేమో ఇవాళే చూడండి.

క్రెడిట్ కార్డు బాకీ ఉందా? అయితే హోమ్ లోను సంగతి తర్వాత. ఇక్కడి చాలా కార్డులకు నెలకు 3 శాతం దాటి వడ్డీ పడుతుంది. ఏడాదికి 8.5 ఎక్కడ, నెలకు 3 ఎక్కడ! ముందు దాన్ని తీర్చండి. ఇక్కడ పర్సనల్ లోను తీసుకుని అక్కడి లోను మూసేసే ఆలోచన చేస్తుంటారు కొందరు. ఇక్కడ పర్సనల్ లోను నాలుగేళ్ళలో తీరిపోవాలి, కిస్తు పెద్దది. ఉద్యోగం పోతే ఇక్కడి బ్యాంకు బాకీ తేలకుండా దేశం దాటడమే కష్టం కావచ్చు. నాకైతే ఆ ధైర్యం లేదు.

మరి ఎన్ఆర్ఈ డిపాజిట్‌లో వేసుకుంటే? ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, మంచిదే. కానీ డిపాజిట్ వడ్డీ మామూలుగా లోను వడ్డీ కన్నా తక్కువ. ఆరు నెలల ఖర్చు అక్కడ దాచుకోండి, ఆపైది లోనుకు. "లోను ఉంటే టాక్సు తగ్గుతుందటగా" అనే మాట కూడా వింటుంటాం. ఇండియాలో పన్ను కట్టేంత ఆదాయమే లేని ఇంటికి తగ్గేదేముంది చెప్పండి? అద్దె వస్తుంటే అది వేరే సంగతి, ఆడిటర్‌ని అడగండి.

కట్టినా కావాలంటే వెనక్కి తీసుకునే వీలుండే లోన్లు కూడా కొన్ని ఉన్నాయి. స్టేట్ బ్యాంకు మ్యాక్స్‌గెయిన్ లాంటివి. అందులో అదనంగా వేసిన డబ్బు మేరకు వడ్డీ తగ్గుతుంది, అవసరమొస్తే తీసుకోవచ్చు. మీ లోను ఆ రకమో కాదో చూస్కోండి.

ఇంట్లో ఉండే చెల్లెళ్ళు "నేనూ ఏదో సంపాదిస్తే" అంటుంటారు. ట్యూషన్లు చెప్పేవాళ్ళకు 2023 డిసెంబర్ నుంచి ప్రైవేట్ టీచర్ పర్మిట్ అని ఉచితంగానే ఇస్తున్నారు, రెండేళ్ళకు. అది లేకుండా చెప్పొద్దు. వంట ఆర్డర్లకూ లైసెన్సు లేకుండా దిగొద్దు. జరిమానా పడితే పది కిస్తులు వెనక్కి పోతాం. గ్రూపుల్లో నమ్మకం మీద నడిచే చిట్టీలతో లోను కట్టే ప్లాను వేసుకోవద్దు. పాడినామె దేశం వదిలి వెళ్ళిపోతే అడగడానికి మన దగ్గర కాగితం ఉండదు.

ఉద్యోగం మానేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. పదిహేనేళ్ళు చేసినవాళ్ళకు అది చిన్న మొత్తం కాదు. అప్పటికి లోను తీరిపోయి ఉంటే ఆ డబ్బు పిల్లల చదువుకు, మీ ముసలితనానికి. తీరకపోతే నేరుగా బ్యాంకుకు.

ఆఖరి కిస్తు తర్వాత

లోను తీరిన రోజు స్వీట్లు పంచుకుంటాం, గ్రూపులో ఫోటో పెడతాం. పని మాత్రం అక్కడితో అవ్వదు. బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం, అసలు దస్తావేజులు చేతికి రావాలి. 2023 డిసెంబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ఏంటంటే, లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలన్నీ తిరిగివ్వాలి, రిజిస్టర్లలో ఉన్న తమ హక్కును తీయించాలి. వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మనకివ్వాలి. పత్రాలు లోను తీసుకున్న బ్రాంచిలో తీసుకోవాలా, ఇంకో ఆఫీసులోనా అన్నది కూడా మనమే ఎంచుకోవచ్చు. మీరిచ్చిన దస్తావేజుల జాబితా లోను తీసుకున్నప్పుడు బ్యాంకు ఇచ్చి ఉంటుంది, అది వెతికి పెట్టుకోండి. లింక్ డాక్యుమెంట్లతో సహా ఒక్కొక్కటీ సరిచూసుకునే సంతకం పెట్టాలి.

తెలుగు రాష్ట్రాల్లో బ్యాంకులు లోనిచ్చేటప్పుడు దస్తావేజుల డిపాజిట్ పత్రాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తాయి. అలా చేయించి ఉంటే, లోను తీరాక రిలీజ్ డీడ్ కూడా రిజిస్టర్ చేయించాలి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఇల్లు అమ్మబోయినా, పిల్లల పేర రాయబోయినా ఈసీలో ఆ అప్పు అలాగే కనిపిస్తుంది. అప్పటికి ఆ బ్రాంచి ఉంటుందో, వేరే బ్యాంకులో కలిసిపోతుందో!

ఇందాక అత్తయ్యగార్లకు చెప్తానన్న సాయం ఇదే. బ్యాంకుకు ఒకసారి, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఒకసారి తిరిగే మనిషి కావాలి. తమ్ముడో, మామయ్యగారో ఆ పని చెయ్యాలంటే ఇక్కణ్ణించి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అబుదాబిలో భారత ఎంబసీ ద్వారా దాన్ని ధృవీకరించుకోవాలి. ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఆ గడువు దాటనివ్వొద్దు. పత్రంలో "ఈ ఒక్క లోను మూసివేత, దస్తావేజులు తీసుకోవడం, రిలీజ్ డీడ్ రిజిస్ట్రేషన్" అని పని పేరు పెట్టి రాయండి. ఎంత దగ్గరివాళ్ళైనా ఇల్లు అమ్మే అధికారం అందులో కలపొద్దు. లోనులో మీరూ కో-అప్లికెంట్ అయితే మీ సంతకం కూడా కావాలి. మీ పేరుందో లేదో తెలీకపోతే ఇవాళ సాయంత్రం ఆయన్ని లోను నంబరు, బ్రాంచి పేరు, లాగిన్ వివరాలు అడిగి ఆ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. రిలీజ్ డీడ్ అయిన రెండు వారాలకు కొత్త ఈసీ తీయించి వాట్సాప్‌లో పంపమని తమ్ముడికి చెప్పండి.